పారశీకం నేర్చుకున్న ఒకే ఒక్కడు

అలెగ్జాండర్ మీద పాత పుస్తకాలు చాలానే ఉన్నా, వాటిలో ఎక్కువ నమ్మదగ్గది ఆరియన్ రాసింది అంటారు. అందులో ఒక చిన్న వాక్యం ఉంది. పెర్సిస్ అనే రాష్ట్రానికి గవర్నరుగా వెళ్ళిన ప్యూకెస్టస్, మాసిడోనియా వాళ్ళందరిలోకీ ఒక్కడే అక్కడి బట్టలు వేసుకున్నాడని, అక్కడి భాష నేర్చుకున్నాడని, పనులన్నీ అక్కడి పద్ధతిలోనే నడిపాడని దాని సారాంశం. నా కళ్ళు ఆ "ఒక్కడే" దగ్గర ఆగిపోయాయి. వేలమంది మాసిడోనియన్లు పదేళ్ళపాటు ఆసియా అంతా తిరిగారు. ఊళ్ళు గెలిచారు, ఖజానాలు పంచుకున్నారు, అక్కడి ఆడవాళ్ళని పెళ్ళి చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. అంతమందిలో అక్కడి మాట నేర్చుకున్నవాడు అని చెప్పుకోవడానికి మిగిలింది ఒక్క పేరు.

తెలుగు క్లబ్ పత్రికలో ఈయన కథ ఎందుకు అంటే, జవాబు ఆ వాక్యమే. మనలో చాలామందిది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. ఇంటర్లో మార్కులొస్తాయని సంస్కృతం తీసుకుని, తొంభై దాటి తెచ్చుకుని, ఇప్పుడు ఒక్క శ్లోకానికీ అర్థం చెప్పలేని బ్యాచ్ మనది. అవసరం కోసం నేర్చుకున్న భాష ఎప్పటికైనా మనదవుతుందా, అసలు అవసరం కోసం నేర్చుకోవడంలో తప్పేమిటి అన్నవి మనకి కొత్త ప్రశ్నలు కావు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ప్యూకెస్టస్ పారశీకుల మీద ప్రేమతో వాళ్ళ భాష నేర్చుకున్నాడని నేను నమ్మను. అయినా ఆ భాష పని చేసింది. ఎంత బాగా చేసిందంటే, చివరికి అతని ఉద్యోగం పోవడానికి కూడా అదే కారణమయింది.

ముందు ఉద్యోగం పేరు. గ్రీకు పుస్తకాల్లో గవర్నర్‌ని "సత్రప్" అంటారు. వినడానికి వింతగా ఉంది కానీ మనకి తెలిసిన మాటే. శాతవాహనుల పాఠంలో గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించిన నహపానుడు గుర్తున్నాడా? అతను క్షాత్రపుడు. సత్రప్, క్షత్రప, రెండూ ఒకే పాత పారశీక పదం నుంచి వచ్చాయి. రాజ్యాన్ని కాపాడేవాడు అని అర్థం. అలెగ్జాండర్ పర్షియా సామ్రాజ్యాన్ని గెలిచాక ఆ పదవినీ, ఆ పేరునీ మార్చలేదు. సాఫ్ట్‌వేర్ పాతదే, అడ్మిన్ మారాడు.

ప్యూకెస్టస్ సొంతూరు మాసిడోనియాలోని మియెజా. చిన్నప్పుడు అలెగ్జాండర్‌కి అరిస్టాటిల్ పాఠాలు చెప్పింది ఆ ఊళ్ళోనే. ప్యూకెస్టస్ తండ్రి పేరు కూడా అలెగ్జాండరే, అయితే రాజు వేరు, ఈయన వేరు. క్రీ.పూ. 326లో జీలం నది మీద ఓడల దళం తయారుచేసినప్పుడు, ఓడల ఖర్చూ బాధ్యతా అప్పగించిన పెద్దల జాబితాలో ఇతని పేరుంది. అంటే డబ్బున్న ఇంటివాడే. అంతకుమించి అప్పటిదాకా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అతని జాతకం మార్చింది ఒక నిచ్చెన.

326-325 చలికాలం. ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లో మాలవుల ఊరి కోట ముట్టడి. గ్రీకులు వాళ్ళని "మల్లోయి" అన్నారు. సైనికులు నిచ్చెనలు తేవడంలో ఆలస్యం చేస్తున్నారని అలెగ్జాండర్‌కి చిరాకేసి, ఒకడి చేతిలో నిచ్చెన లాక్కుని తనే గోడెక్కేశాడు. వెనకే ప్యూకెస్టస్. అతని చేతిలో ఉన్నది మామూలు డాలు కాదు. ట్రాయ్‌లో ఎథీనా దేవత గుడి నుంచి తెచ్చుకున్న పవిత్రమైన డాలు, యుద్ధంలో రాజుకి ముందు మోసుకెళ్ళేది. అతని వెనక లియొన్నాటస్, పక్క నిచ్చెన మీద అబ్రియాస్ అనే సైనికుడు. రాజు పైనున్నాడని మిగతావాళ్ళంతా కంగారుగా ఒకేసారి ఎక్కబోయేసరికి నిచ్చెనలు విరిగిపోయాయి. గోడ మీద నలుగురు, కింద సైన్యం. బాణాలకి గురిగా గోడ మీద నిలబడటం కంటే నయమనుకున్నాడేమో, అలెగ్జాండర్ కోట లోపలికి దూకేశాడు. మిగతా ముగ్గురూ దూకారు. అబ్రియాస్ మొహానికి బాణం తగిలి అక్కడే పోయాడు. ఇంకో బాణం అలెగ్జాండర్ కవచాన్ని చీల్చుకుని ఛాతీలో దిగింది. పడిపోయిన రాజు మీద ఆ డాలు అడ్డంపెట్టి నిలబడినవాడు ప్యూకెస్టస్. సైన్యం గోడ దాటి లోపలికి వచ్చేదాకా అతనూ లియొన్నాటసూ దెబ్బలు తింటూ అలాగే నిలబడ్డారు.

ఈ సంఘటన గురించి పాత రచయితలకి ఒకరితో ఒకరికి పొత్తు కుదరదు. అబ్రియాస్ ఉన్నాడా లేడా అన్నదగ్గర తేడా, లియొన్నాటస్ విషయంలో తేడా. టాలెమీ కూడా అక్కడున్నాడని కొందరు రాసేశారు, పాపం ఆ టాలెమీయేమో నేను అప్పుడు వేరే చోట ఉన్నానని తన పుస్తకంలో రాసుకున్నాడు. ప్యూకెస్టస్ ఉన్నాడని మాత్రం అందరూ ఒప్పుకున్నారని ఆరియన్ ప్రత్యేకంగా చెప్తాడు. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇతన్ని పిరికివాడని రాసినవాళ్ళ దగ్గరికి వస్తాం.

ప్రాణం కాపాడినవాడికి బహుమానం పెద్దదే వచ్చింది. రాజుకి ఎప్పుడూ ఏడుగురే అంగరక్షకులు. సంఖ్య పెంచే ఆనవాయితీ లేదు. ఇతని కోసం ఎనిమిదో కుర్చీ వేశారు. ఆ వెంటనే పెర్సిస్ రాష్ట్రం. పెర్సిస్ అంటే ఇప్పటి ఇరాన్‌లో ఫార్స్, "ఫార్సీ" అన్న మాట పుట్టిన నేల. సైరస్ సమాధి, పెర్సెపొలిస్ నగరం అన్నీ అక్కడే. పాత సామ్రాజ్యానికి పుట్టిల్లు.

ఆ కుర్చీ ఖాళీ అయిన తీరు మాత్రం అంత అందంగా లేదు. అంతకుముందు ఒర్క్సినెస్ అనే పారశీక ప్రభువు, గవర్నర్ చనిపోతే తనంతట తనే బాధ్యత తీసుకుని నడుపుతున్నాడు. గుళ్ళూ రాజుల సమాధులూ దోచాడని, జనాన్ని అన్యాయంగా చంపాడని నేరం మోపి అలెగ్జాండర్ అతన్ని ఉరి తీయించాడు. కర్టియస్ అనే రోమన్ రచయిత అది కుట్ర అంటాడు, అంతఃపురంలో ఒక నపుంసకుడికి కానుకలివ్వనందుకు పగబట్టి ఇరికించాడని. ఏదైనా, జనం కళ్ళతో చూడండి. ఆరేళ్ళ కిందట, క్రీ.పూ. 330లో, ఈ పరాయి సైన్యమే వచ్చి పెర్సెపొలిస్ రాజభవనాలు తగలబెట్టింది. ఇప్పుడు మన మనిషిని ఉరి తీసి వాళ్ళ మనిషిని కూర్చోబెట్టింది. ఇలాంటి చోటికి పోస్టింగ్ వస్తే ఎవడైనా ఏం చేస్తాడు? కాపలా పెంచుతాడు. ప్యూకెస్టస్ భాష నేర్చుకున్నాడు.

నిజానికి అతనికి ఆ అవసరం లేదు. పర్షియా సామ్రాజ్యంలో ఆఫీసు పనికి అరామిక్ వాడేవారు. పెర్సెపొలిస్‌లో దొరికిన పాత లెక్కల మట్టిపలకల్లో ఎక్కువ భాగం ఎలమైట్‌లో ఉన్నాయి. పారశీకం రాజుల శాసనాల్లో కనిపిస్తుంది, జనం నోట్లో వినిపిస్తుంది. ఫైళ్ళు నడపడానికి గుమాస్తాలున్నారు, మాట్లాడటానికి దుబాసీలున్నారు. అరామిక్ నేర్చుకుని ఉంటే "ఆఫీసు కోసం" అనుకోవచ్చు. ఇతను మాత్రం ఫైళ్ళలో పెద్దగా పనికిరాని, మనుషుల దగ్గరే పనికొచ్చే భాషని ఎంచుకున్నాడు. ఆ భాష వంశంలోదే ఇప్పటి ఫార్సీ. అందులోంచి మనకొచ్చిన మాటలే రోజు, బజారు, సర్కారు. ప్యూకెస్టస్ తంటాలు పడి పలికిన మాటల ముని ముని మనవలు మన నోట్లో రోజూ తిరుగుతున్నాయి.

దానితోపాటు బట్టలు. అక్కడి మీడియన్ వేషంలో ముఖ్యమైనవి ప్యాంటు, పొడుగు చేతుల అంగీ. గ్రీకులకి ప్యాంటు అంటే భలే ఎగతాళి. మగాడన్నవాడు కాళ్ళు కనబడేట్టు తిరగాలి, ప్యాంట్లు అనాగరికులవి. (ఇప్పుడు ప్యాంటు వేసుకోకపోతే కాలేజీ గేటు దాటనివ్వరు.) అలెగ్జాండర్ కూడా పర్షియన్ దుస్తులు వేశాడు గానీ, ప్యాంటు, అంగీ వదిలేసి మిగతావి తీసుకున్నాడని ప్లుటార్క్ రాశాడు. రాజే సగంలో ఆగిన దారిలో ఇతను చివరిదాకా వెళ్ళిపోయాడు.

సొంతవాళ్ళకి ఇది నచ్చలేదు. అప్పటికే వాళ్ళలో భాష ఒక పుండు. 330లో ఫిలోటాస్ అనే సేనాపతి మీద రాజద్రోహం విచారణ జరిగింది. కర్టియస్ చెప్పిన ప్రకారం అలెగ్జాండర్ అతన్ని అడిగిన మొదటి ప్రశ్న నేరం గురించి కాదు, మన భాషలో మాట్లాడతావా అని. మాసిడోనియన్లు కానివాళ్ళు కూడా ఉన్నారు, అందరికీ అర్థమవుతుందని గ్రీకులో మాట్లాడతానన్నాడు ఫిలోటాస్. చూశారా, వీడికి సొంత భాషంటేనే అసహ్యం అని అలెగ్జాండర్ జనానికి చూపించాడు. తర్వాత ఫిలోటాస్‌ని చంపేశారు. మాతృభాష మీద ప్రేమ ఎంత తేలిగ్గా ఆయుధమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. అలాంటి గుంపులో ప్యూకెస్టస్ ప్యాంటు వేసుకుని పారశీకంలో మాట్లాడాడు. రాజు దాన్ని మెచ్చుకోవడం వాళ్ళ కడుపుమంటని ఇంకా పెంచింది.

ఇక్కడే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన పోలిక ఉంది. అదే కాలంలో అలెగ్జాండర్ ఇంకో పథకం నడిపాడు. ముప్ఫై వేలమంది ఆసియా కుర్రాళ్ళని ఎంపిక చేసి గ్రీకు చదువు చెప్పించి, మాసిడోనియా యుద్ధవిద్య నేర్పించాడు. 324లో సూసా నగరానికి ఆ దళం వచ్చి కవాతు చేస్తే పాత సైనికులు అసూయతో ఉడికిపోయారు. ఆ ముప్ఫై వేలమందిని తలచుకుంటే నాకు మన స్కూల్ అసెంబ్లీ గుర్తొస్తుంది. పాలించేవాడి భాష, పాలించేవాడి యూనిఫాం, బాగా నేర్చుకున్నవాడికి ఉద్యోగం. కింద ఉన్నవాడు పైకి వెళ్ళడానికి పైవాడి భాష నేర్చుకోవడం ఎప్పుడూ జరిగేదే, అందుకే అది ముప్ఫై వేల లెక్కలో ఉంది. పైన ఉన్నవాడు కిందవాడి భాష నేర్చుకోవడం ఒకటి లెక్కలో ఉంది. ఆ నిష్పత్తి చూశాక ప్యూకెస్టస్ మంచివాడా చెడ్డవాడా అనే చర్చకి ముందే, అతను చేసింది ఎంత అరుదైన పనో ఒప్పుకోవాలనిపిస్తుంది.

ఫలితం రెండేళ్ళలో కనబడింది. 323లో అతను ఇరవై వేలమంది పర్షియన్ సైనికుల్ని వెంటబెట్టుకుని బాబిలోన్ చేరాడు. అలెగ్జాండర్ వాళ్ళని తన సైన్యంలో కలిపిన పద్ధతి చూడండి. పదహారు మంది వరుసలో నలుగురు మాసిడోనియన్లు, పన్నెండుమంది పర్షియన్లు. ముందు ముగ్గురూ, చివరి ఒకడూ మాసిడోనియన్లే. మధ్యలో పన్నెండుమంది. జీతం కూడా మాసిడోనియన్లకే ఎక్కువ. కలపడం అంటే వాళ్ళ ఉద్దేశంలో ఇది. ఆ ఏడాది జూన్‌లో అలెగ్జాండర్ పోయాడు, ఆ కొత్త వరుస ఒక్క యుద్ధం కూడా చూడలేదు. రాజు జబ్బుపడినప్పుడు, అతన్ని గుడికి తీసుకురావచ్చా అని దేవుణ్ణి అడగడానికి ఆ గుళ్ళో రాత్రి పడుకున్నవాళ్ళలో ప్యూకెస్టస్ ఒకడు.

తర్వాత సేనాపతులు సామ్రాజ్యాన్ని పంచుకోవడం మొదలుపెట్టారు. పంపకం రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ పెర్సిస్ ఇతనికే ఉంచారు. గవర్నర్లు ఒకరినొకరు చంపుకుంటున్న ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

317లో అసలు గొడవ. అటువైపు ఆంటిగొనస్, ఒంటికన్ను ముసలి సేనాపతి, ఆసియా అంతా తనదే అంటున్నాడు. ఇటువైపు యూమెనెస్, ఒకప్పుడు అలెగ్జాండర్ దగ్గర కార్యదర్శి, గ్రీకువాడు. తూర్పు రాష్ట్రాల గవర్నర్లంతా యూమెనెస్‌తో కలిశారు. సింధు ప్రాంతం నుంచి యూడమస్ అనేవాడు పురుషోత్తముణ్ణి, అదే పోరస్‌ని, చంపేసి 120 ఏనుగులతో వచ్చాడు. నాయకుడెవరు అన్నదగ్గర ప్యూకెస్టస్‌కీ యూమెనెస్‌కీ పడలేదు. సైన్యం ఎక్కువ తెచ్చింది నేను, రాజుకి అంగరక్షకుణ్ణి నేను అని ఇతని వాదన. యూమెనెస్ తెలివిగా ఒక గుడారంలో అలెగ్జాండర్ పేరున ఖాళీ సింహాసనం పెట్టించి, అందరం దాని ముందు కూర్చుని నిర్ణయాలు తీసుకుందాం అన్నాడు. చనిపోయిన మేనేజర్ పేరు మీద మీటింగు.

యూమెనెస్ పదివేలమంది విలుకాళ్ళని పంపమంటే ప్యూకెస్టస్ మొదట అలిగి పట్టించుకోలేదు. తర్వాత ఆంటిగొనస్ గెలిస్తే తన రాష్ట్రమే పోతుందని లెక్కేసుకుని సరేనన్నాడు. ఆ పిలుపు వెళ్ళిన విధానం గురించి డియొడొరస్ రాసింది చదివి నేను ఆ పేజీ దగ్గరే చాలాసేపు ఉండిపోయా. పెర్సిస్ కొండలు, లోయలు ఉన్న నేల. కొండల మీద ఎత్తైన చోట్ల గట్టి గొంతున్నవాళ్ళని వరసగా నిలబెట్టారు. ఒకడు అరుస్తాడు, అవతలి కొండ మీదివాడు విని తన పక్కవాడికి అరుస్తాడు, అలా రాష్ట్రం చివరిదాకా. ముప్ఫై రోజుల ప్రయాణ దూరంలో ఉన్నవాళ్ళకి కూడా కబురు అదే రోజు అందిందట. నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో రిపీటర్ గురించి రాసిన రికార్డులో ఇది బొమ్మగా వేయొచ్చు. సిగ్నల్ బలహీనపడకముందే మధ్యలో ఒకడు మళ్ళీ బలంగా పంపుతాడు.

ఆ కొండల మీద అరిచిన కబురు గ్రీకులో అరిచి ఉండరు కదా. గొర్రెలు కాసుకునేవాడికి, పొలంలో ఉన్నవాడికి అర్థం కావాలి. ఆ రిపీటర్లు కూడా ప్యూకెస్టస్ కొత్తగా కనిపెట్టినవి కావు, అక్కడివాళ్ళ సొంత ఏర్పాటే. పరాయి గవర్నర్ మాట ఆ ఏర్పాటులోకి ఎక్కాలంటే కావలసింది అతని దగ్గరుంది. ఇక్కడిదాకా కథ ముచ్చటగానే ఉంది. కానీ ఆ కబురులో ఏముందో మర్చిపోవద్దు. విల్లు పట్టుకుని రండి అని. ఎవరి యుద్ధానికి? ఇద్దరు పరాయి సేనాపతుల మధ్య ఆస్తి తగాదాకి. పదివేలమంది వచ్చారు. భాష నేర్చుకున్న పాలకుడు జనం బాధలు వినగలడు, నిజమే. జనాన్ని తన పనికి పిలవడం కూడా అతనికే ఎక్కువ సులువు. వైరు ఒకటే, అందులో ఏం పంపుతారన్నది వేరే సంగతి.

సైన్యమంతా పెర్సెపొలిస్ చేరాక ప్యూకెస్టస్ ఇచ్చిన విందు కూడా డియొడొరస్ పుణ్యమా అని మనకి మిగిలింది. మైదానంలో ఒకదాని లోపల ఒకటి నాలుగు వలయాలుగా కూర్చోబెట్టాడు. అన్నిటికంటే బయటి వలయం చుట్టుకొలత పది స్టేడియాలు, మన లెక్కలో 1.8 కిలోమీటర్లు. అందులో కిరాయి సైనికులు, మిత్రదళాలు. దాని లోపల అలెగ్జాండర్‌తో పోరాడిన పాత సైనికులు, ఆ లోపల చిన్న అధికారులు, ఆశ్వికులు. నట్టనడిమి వలయంలో సేనాపతులు, వాళ్ళతోపాటు పర్షియన్ పెద్దలు. మధ్యలో దేవతలకీ, అలెగ్జాండర్‌కీ, అతని తండ్రి ఫిలిప్‌కీ పూజాపీఠాలు. ఆకులు పరిచి, పైన రకరకాల తివాచీలు కప్పి ఆసనాలు వేయించాడు. మన పెళ్ళిళ్ళలో ఎవర్ని ఏ బంతిలో కూర్చోబెట్టారన్నదాని మీద ఎన్ని అలకలు ఉంటాయో తెలిసినవాళ్ళకి ఈ ప్లానులో ఎంత రాజకీయం ఉందో చెప్పక్కర్లేదు. అలెగ్జాండర్ వరుసలో మధ్యన ఇరికించిన పర్షియన్లని ఇతను కేంద్రంలో కూర్చోబెట్టాడు. అదీ వాళ్ళ రాజభవనాలు కాలిన ఊళ్ళోనే. ఆ కాల్చినవాడికే పూజ చేస్తూ, అది కూడా చెప్పాలి.

ఆ విందుతో సైన్యమంతా ఇతని వైపు తిరిగిపోతుందని యూమెనెస్‌కి భయమేసింది. అతను చేసిన పని ఇప్పటి వాట్సాప్ గ్రూపుల్లో మనం రోజూ చూసేదే: ఒక నకిలీ ఉత్తరం పుట్టించాడు. ఆర్మేనియా గవర్నర్ ఒరొంటెస్ రాసినట్టు, సిరియన్ లిపిలో, అంటే అరామిక్‌లో. మాసిడోనియాలో మనవాళ్ళు గెలిచారు, శత్రువైన కస్సాండర్ చచ్చిపోయాడు, పెద్ద సైన్యం మన సాయానికి వస్తోంది అని. అంతా అబద్ధం. ఒరొంటెస్ ప్యూకెస్టస్ స్నేహితుడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. గ్రీకులో రాసి ఉంటే అనుమానించేవారేమో, తూర్పు గవర్నర్ తూర్పు లిపిలో రాశాడు కాబట్టి నమ్మేశారు. భాష తెచ్చిన నమ్మకాన్ని ఇంకొకడు భాషతోనే కొట్టాడు. ఆ రోజు నుంచి సైన్యం యూమెనెస్ మాట వినడం మొదలుపెట్టింది.

తర్వాతి యుద్ధంలో ప్యూకెస్టస్ పరువు పోయింది. గబియెనె అనే చోట, ఉప్పునేల మీద గుర్రాలు పరిగెడితే లేచిన దుమ్ములో ఏమీ కనబడని స్థితిలో, అతను పదిహేను వందల గుర్రాలతో వెనక్కి తగ్గాడు. సాయంత్రం యూమెనెస్ మళ్ళీ ఎదురుదాడి చేద్దామంటే వినలేదు. ఆంటిగొనస్ సామాన్ల శిబిరం పట్టుకున్నాడు, అందులో భార్యాపిల్లలు ఉన్న పాత సైనికులు వాళ్ళని విడిపించుకోవడానికి యూమెనెస్‌ని అప్పగించేశారు. ప్లుటార్క్ ప్యూకెస్టస్‌ని పిరికిగా పోరాడాడని రాశాడు.

నేను అతన్ని వెనకేసుకురావడం లేదు, వెనక్కి తగ్గడం జరిగిందనే అనుకుంటున్నా. కానీ ఈ యుద్ధాల కథ అంతా ప్రధానంగా హియెరోనిమస్ అనే ఒక్కడి దగ్గరినుంచి వచ్చింది. అతను యూమెనెస్ ఊరివాడు, యూమెనెస్ పక్షాన ఉన్నవాడు, ఓడిపోయాక ఆంటిగొనస్ కొలువులో చేరినవాడు. ప్యూకెస్టస్ శత్రువులిద్దరి దగ్గరా పనిచేసిన మనిషి రాసిందాంట్లో ప్యూకెస్టస్ ఎలా కనబడతాడో ఊహించడం కష్టం కాదు. పారశీకులు రాసింది ఒక్క ముక్క లేదు. కోటలో రాజు మీద డాలు పట్టుకుని నిలబడిన మనిషి ఈ కథలో పదేళ్ళకి పిరికివాడైపోయాడు. మనుషులు మారతారు, కాదనను. రాసేవాళ్ళు కూడా మారతారు.

ఇప్పుడు మళ్ళీ ఆ పాత ప్రశ్న. అవసరం కోసం నేర్చుకున్నాడు కదా, దానికి ఇంత విలువ ఎందుకు? మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 1800లో నిజాం కంపెనీకి వదిలేసిన జిల్లాలకి, ఇప్పటి రాయలసీమకి, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో. ఆయన వచ్చింది శిస్తు వసూలుకి. ఊరూరా గుడారం వేసుకుని తిరుగుతూ, రైతులతో వాళ్ళ భాషలో మాట్లాడి మరీ వసూలు చేశాడు. ఆ జిల్లాల జనం పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. పాలన పరాయిది, పన్ను నిజం, పేర్లు కూడా నిజం. జనం అమాయకులు కాబట్టి మోసపోయారు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. అంతకుముందు వచ్చినవాళ్ళూ పన్ను తీసుకున్నారు, తర్వాత వచ్చినవాళ్ళూ తీసుకున్నారు. తేడా ఎక్కడుందో కట్టినవాళ్ళకే తెలుసు. ఇప్పటికీ ఉత్తరాది నుంచి వచ్చిన కలెక్టర్ తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడితే ఆ వీడియో మన ఫోన్లన్నీ తిరుగుతుంది. ట్రైనింగ్‌లో భాగంగా నేర్చుకోవాల్సిందే కదా అని ఎవరూ కొట్టిపారేయరు. ఎందుకు నేర్చుకున్నావని అడిగే హక్కు మనకుంది. కానీ నేర్చుకోనివాడిని ఆ ప్రశ్న ఎవరూ అడగకపోవడం నాకు వింతగా ఉంటుంది.

మన క్యాంపస్‌లో ఇది రెండువైపుల నుంచీ వినిపిస్తుంది. ఇంగ్లీషు మీడియం వాళ్ళు తెలుగు రాస్తే "షో" అంటారు కొందరు. ప్లేస్‌మెంట్‌కి పనికిరానిది ఎందుకు అంటారు ఇంకొందరు. మొదటివాళ్ళు ఉద్దేశాన్ని అనుమానిస్తారు, రెండోవాళ్ళు ఉద్దేశమే లేదంటారు. పెర్సిస్ జనం ఈ రెండూ అడిగినట్టు లేదు. ఇతను మాతో మాట్లాడుతున్నాడా లేదా అని చూసుకున్నారు.

యుద్ధం తర్వాత ఆంటిగొనస్ లెక్కలు తేల్చాడు. యూమెనెస్‌ని చంపించాడు. వెండి డాళ్ళ దళం నాయకుడు ఆంటిజెనెస్‌ని గోతిలో పెట్టి సజీవంగా కాల్పించాడు. ఏనుగుల యూడమస్‌ని చంపించాడు. ప్యూకెస్టస్‌ని చంపలేదు. పెర్సెపొలిస్ వచ్చి, అక్కడి జనం చేత రాజమర్యాదలు అందుకుని, అప్పుడు చూశాడు: ఇక్కడివాళ్ళు ఈ మనిషిని విపరీతంగా ఇష్టపడుతున్నారని. డియొడొరస్ దాన్ని నేరుగా కారణంగానే రాశాడు. ఇష్టపడుతున్నారు కాబట్టి పదవి తీసేశాడు. వెనక్కి తగ్గినందుకు కాదు, ఎదురు పక్షంలో ఉన్నందుకు కూడా కాదు.

పెర్సిస్‌లో జనం మండిపడ్డారు. అక్కడి ప్రముఖుల్లో థెస్పియస్ అనే ఒకాయన లేచి, పర్షియన్లు ఇంకెవరి మాటా వినరని మొహం మీదే చెప్పాడు. ఆంటిగొనస్ ఆయన్ని చంపించాడు. అస్క్లెపియొడొరస్ అనేవాణ్ణి కొత్త గవర్నరుగా వేసి, సరిపడా సైన్యం అక్కడ పెట్టాడు. భాషతో నడిచిన చోట ఇక సైన్యం కావలసి వచ్చింది.

ప్యూకెస్టస్‌కి ఇంకా పెద్ద పదవులు ఇస్తానని ఆశపెట్టి ఆంటిగొనస్ వెంట తీసుకుపోయాడు. అతను వెళ్ళాడు. నాకు ఇతని మీద ఇష్టం ఉంది, కానీ ఇక్కడ మాత్రం మింగుడుపడదు. తన కోసం నోరు తెరిచిన మనిషిని చంపారు. ఆ మనిషి భాష అతనికొచ్చు, అక్కడున్న మాసిడోనియన్లలో అతనొక్కడికే వచ్చు. థెస్పియస్ కోసం అతను ఏ భాషలోనైనా ఒక్క మాట అన్నట్టు ఎవరూ రాయలేదు.